పల్లెవాళ్లు పట్నంవాళ్లకన్నా పర్యావరణాన్ని బాగా చూసుకుంటారా?

చూసుకుంటారనే అనిపిస్తుంది గానీ, అది పర్యావరణం కోసం చేసేది కాదు. మా చిత్తూరు వైపు పల్లెల్లో గంజి, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోతాయి. ఆవు తాగుతుంది. పేడ దిబ్బకి, దిబ్బ ఎరువు చేనికి. బెల్లం వండే పొయ్యిలోకి కూడా చెరకు పిప్పే. పారేయడానికి మిగిలేది తక్కువ, అంతే.

చిక్కంతా ఈ వరసలో ఇమడని వాటితోనే. షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు ఆవు తినకూడదు (తింటుంది, అదే బాధ). చెత్తబండి రాని ఊళ్లో అవి మంటల పాలే. మా అవ్వ నీళ్ల పొయ్యి రాజేసేది వాటితోనే! ఆ పొగ ఎవరికీ తప్పుగా తోచేది కాదు.

తిరుపతిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి బండికి ఇవ్వాలి. కానీ ఇంట్లో ఆవు లేదు కాబట్టి మిగిలిన సాంబారు కూడా చెత్తే. ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. తిరుమల కొండమీద ప్లాస్టిక్ బాటిల్ జోలికి పోని మనిషే, కిందికి దిగాక టీ తాగి గ్లాసు కాలవలోకి విసురుతాడు.