జారుబండా? జారుడుబండా?

సందేహం: మా అనంతపురంలో పిల్లల పార్కులో ‘జారుడుబండ’ అని బోర్డు పెట్టారు. మేం పుట్టినప్పటినుంచీ ‘జారుబండ’ అనే అంటున్నాం. ఏది సరి? ‘జారు’, ‘జరుగు’ ఒకటేనా? – ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు

సమాధానం: ‘స్లైడ్’ అని రాయనందుకు ముందు ఆ బోర్డు రాసినాయనకు దండం పెట్టండి. గుట్ట మీద నున్నటి బండపై ఈతమట్ట వేసుకొని జారి, లాగు చింపుకొని ఇంట్లో తన్నులు తిన్న తరం మనది. ఇప్పుడున్నది ప్లాస్టిక్ వాలే అయినా పేరులో బండ మిగిలింది, అదే పదివేలు.

నా ఓటు జారుబండకే. మడకశిర దాటితే కన్నడం వాళ్లు కూడా ‘జారుబండె’ అంటారు. ‘జారుడు’ తప్పని అనను; జారుడుమెట్లు అంటూనే ఉన్నాం. కాకపోతే సంస్కృతంలో జారుడంటే పరస్త్రీల వెంట పడేవాడు. పిల్లల పార్కులో ఆయనకేం పని?

అసలు ఈ మాటలో ఉన్నది బండి ఱ: జాఱు. ప్రాసలో ర, ఱ కలవకుండా పాతకవులు ఎంత జాగ్రత్తపడ్డారు! మనం బండిని తోసేసి చేతులు దులుపుకున్నాం. భాగవతం ప్రథమస్కంధంలో అంపశయ్య మీది భీష్ముడు, తన మీదికి ఉరికివచ్చిన కృష్ణుణ్ణి తలుచుకుంటాడు:

“చక్రంబుఁ జేపట్టి చనుదెంచు రయమునఁ బైనున్న పచ్చని పటము జాఱ”

పటము, అంటే పైబట్ట, పడలేదు, ఊడలేదు; జాఱింది. పడితే చప్పుడో, బరువో తెలుస్తుంది. జారేది జారుతున్నట్టు తెలియదు, అందులోనూ అంత వడిలో ఉన్నవాడికి. ఇదే స్వామి గజేంద్రుడి కోసం పరుగెత్తినప్పుడు లక్ష్మి కొంగు పట్టుకున్నది వదల్లేదు. ఇక్కడ తన ఉత్తరీయమే జారినా చూసుకోలేదు. భక్తుడి కోసం ఒకసారి, భక్తుడి మీదికి ఒకసారి! (పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అని నన్ను అడగకండి. నేను కడపవాణ్ణి, నా సాక్ష్యం చెల్లదు.)

ఇక ‘జరుగు’. బస్సులో “రవ్వంత జరుగప్పా” అంటామే, అదే మొదటి అర్థం: ఉన్నచోటి నుంచి పక్కకు కదలడం. తర్వాత పొద్దు జరిగింది, పెళ్లి జరిగింది, ‘వాళ్లకు జరుగుబాటుంది’ అనేదాకా వచ్చింది. కర్నూలులో వినపడే ‘జర జరుగు’లోని ‘జర’ ఉర్దూది, దీనికి చుట్టం కాదు. తమిళంలో ‘చఱుక్కు’, ‘చరి’ రెండూ జారడమే. మొదటిదానిలో బండి ఱ, రెండోదానిలో మామూలు ర. మన జాఱు, జరుగు కూడా అలాగే విడిపోయి ఉన్నాయి. దగ్గరి బంధువులే కావచ్చు గాని, ఆ ఱ అడ్డుండగా ఒకే తల్లి బిడ్డలని ఒట్టేసి చెప్పలేను.

మొన్న మా వీధిలో నీళ్ల పైపు పగిలితే ‘త్వరలో మరమ్మతు చేయడం జరుగుతుంది’ అని కాగితం అంటించారు. ‘చేస్తాం’ అంటే నోరు అరిగిపోతుందా? ఎవరు చేస్తారో చెప్పకుండా కర్త వాక్యంలోంచి మెల్లగా జారుకున్నాడు. ఈ ఒక్కచోట మాత్రం జరగడం, జారడం ఒకటేనని మీరంటే నేను కాదనను.