మా పాపకు ఏడీహెచ్‌డీ పరీక్ష ఎక్కడ చేయించాలి?

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి చదువుతోంది. అల్లరి చేయదు, ఎదురు చెప్పదు. కానీ పాఠం వింటూనే పరధ్యానంలో పడిపోతుంది. హోంవర్క్ పూర్తి చేసి కూడా పుస్తకం ఇంట్లోనే మరిచిపోయి వెళ్తుంది. వచ్చిన లెక్కలే పరీక్షలో తప్పు చేస్తుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందేమో చూపించమని క్లాస్ టీచర్ చెప్పారు. ఒక సెంటర్‌కు ఫోన్ చేస్తే బ్రెయిన్ మ్యాపింగ్ చేసి ఒక్క రోజులో తేల్చేస్తామన్నారు. మా వారేమో ‘చిన్నప్పుడు నేనూ ఇంతే’ అంటున్నారు. ఇప్పటికీ బండి తాళాలు ఎక్కడ పెట్టారో, కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలో ఆయనకు గుర్తుండదు. పాపకు ఏ పరీక్ష, ఎక్కడ చేయించాలి? ఆయనకూ చేయించవచ్చా?
- ఒక సోదరి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ముందుగా ఒక మాట అమ్మా, ఆ బ్రెయిన్ మ్యాపింగ్‌కు డబ్బు కట్టకండి. ఏడీహెచ్‌డీ ఉందని తేల్చే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) గానీ ఇంతవరకు లేవు. పాప కొన్ని క్షణాలు చూపు నిలిపి, భుజం తట్టినా పలకకుండా ఉండిపోయి, వెంటనే మామూలైపోతుంటే మాత్రం ఒక రకం మూర్ఛ ఉందేమోనని ఈఈజీ తీయిస్తాం. దాని అవసరం అంతవరకే. భయపడిన తల్లిదండ్రులకు రంగురంగుల మెదడు బొమ్మ చూపించి వేలకు వేలు తీసుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

నిర్ధారణ జరిగేది పాప నడవడికను ఓపికగా తెలుసుకోవడం ద్వారానే. పాపతోనూ మీతోనూ విడివిడిగా మాట్లాడతారు. ఇంట్లో మీకు, బడిలో టీచర్లకు ప్రశ్నావళులు ఇస్తారు. ఏకాగ్రత లోపానికి తొమ్మిది లక్షణాలు, అతి చురుకుదనం, తొందరపాటులకు మరో తొమ్మిది ఉంటాయి. పిల్లల్లో ఒక వర్గంలోనైనా కనీసం ఆరు, ఆరు నెలలకు పైగా, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. వాటి వల్ల చదువో స్నేహాలో దెబ్బతింటూ ఉండాలి. కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఈ చివరి షరతు మీ పాప విషయంలో చాలా ముఖ్యం. రెండు, మూడు తరగతుల్లోనూ ఇలాగే ఉండేదా, లేక ఈ ఏడాదే మొదలైందా?

అందుకే వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు, స్కూల్ డైరీలు, రెండు మూడు నోటు పుస్తకాలు తీసుకెళ్లండి. మార్కుల కంటే నోటు పుస్తకమే మాకు ఎక్కువ చెబుతుంది. పైన తేదీ అందంగా రాసి, లెక్క సగంలో ఆగిపోయి ఉంటుంది. బోర్డు మీది చివరి మూడు వాక్యాలు ఉండవు. కూడికలో పైకి తీసుకున్న ఒకటి కలపడం మరిచి ఉంటుంది. పక్క పేజీలో అదే రకం లెక్క తప్పు లేకుండా చేసి ఉంటుంది. తెలియక చేసిన తప్పుకు, దృష్టి జారి చేసిన తప్పుకు తేడా అక్కడ దొరుకుతుంది.

అల్లరి చేసే మగపిల్లలను టీచర్లే పంపిస్తారు. కిటికీ పక్కన నిశ్శబ్దంగా కూర్చునే ఆడపిల్లలకు మాత్రం ‘సోమరి’ అన్న పేరు మిగులుతుంది. మీ పాప టీచర్ గమనించి చెప్పడం మంచిదైంది.

ఏకాగ్రత కుదరకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. చూపు, వినికిడి పరీక్ష చేయించండి. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో పిల్లల డాక్టరు చూస్తారు. చదవడం, రాయడంలోనే ఇబ్బంది ఉంటే అది డిస్లెక్సియా వంటి అభ్యసన లోపం కావచ్చు. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఎక్కువే. ఆందోళన, బడిలో వేధింపులు ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి.

నిద్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ వయసు పిల్లలకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మన నగరంలో ఎనిమిదో తరగతికే ఫౌండేషన్ క్లాసులు, తెల్లవారుజామున స్టడీ అవర్లు, రాత్రి పదకొండు దాకా హోంవర్క్. ఆరు గంటలు కూడా నిద్రపోని పిల్ల పాఠంలో మనసు పెట్టలేకపోతే తప్పు ఆమెది కాదు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు రెండు వారాలు రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోబెట్టి, వచ్చిన మార్పు రాసుకోండి. గురక పెడుతుంటే అదీ చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలంటే, పిల్లల మానసిక వైద్యులు లేదా పిల్లల ఎదుగుదల నిపుణులైన డాక్టర్ల దగ్గరికి. ఖర్చు భరించలేకపోతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్లవచ్చు. ఎవరిని సంప్రదించాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. సైకాలజిస్టులు పరీక్షలు చేస్తారు కానీ మందులు రాయరు. మందు వేయాలా వద్దా అన్నది నిర్ధారణ తర్వాతి మాట. వేయాల్సి వస్తే ముందు బరువు, బీపీ, నాడి చూస్తారు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందును డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదు. బంధువుల పిల్లాడికి పనిచేసిందని అదే మాత్ర తెచ్చి వేయకండి.

ఇక మీ వారి విషయం. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బలంగా వస్తుంది కాబట్టి ఆయన అనుమానం కొట్టిపారేయదగినది కాదు. పదిహేడేళ్లు నిండినవారికి ఐదు లక్షణాలు చాలు, కానీ చిన్నతనంలోనే మొదలైనట్లు ఆధారం కావాలి. వాళ్లమ్మగారినో అక్కగారినో వెంట తీసుకెళ్తే మంచిది, చిన్నప్పటి సంగతులు వాళ్లకే బాగా గుర్తుంటాయి. కుంగుబాటు, నిద్రలేమి, మద్యం అలవాటు వంటివీ మతిమరుపు తెస్తాయి కాబట్టి పెద్దల సైకియాట్రిస్టు వాటినీ చూస్తారు. అయితే ఆయన అపాయింట్‌మెంట్ వేరే రోజు పెట్టుకోండి. పాప కోసం వెళ్లిన రోజు డాక్టరు సమయమంతా పాపకే దక్కాలి.