స్వాప్ ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ముందు

అమ్మడూ,

లినక్స్ ఎక్కిస్తూ డిస్కును విడగొట్టే చోట, స్వాప్ దగ్గర ఆగిపోయానని రాశావు. ర్యామ్‌లో పట్టని సరుకుని డిస్కు మీద దాచుకునే చోటే స్వాప్. ఆగడమే మంచిదైంది. చాలామంది ‘ర్యామ్‌కి రెండింతలు’ అని ఎక్కడో విన్న మాట పట్టుకుని ముందుకెళ్ళిపోతారు. అది ర్యామ్‌ని మెగాబైట్లలో కొలిచే రోజుల లెక్క. నీకు 16 జీబీ ఉంది, ఆ లెక్క నీకు అక్కర్లేదు.

ముందు ఇది తేల్చుకో: ల్యాప్‌టాప్‌ని హైబర్నేట్ చేస్తావా? చేస్తానంటే ర్యామ్‌లో ఉన్నదంతా స్వాప్‌లోకి రాసి కరెంటు ఆపేస్తుంది కాబట్టి ర్యామ్ ఎంతో స్వాప్ కూడా అంత పెట్టు. నిజానికి కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అలా రాసే ఇమేజ్‌ని ర్యామ్‌లో ఐదింట రెండొంతులకు కుదించాలనే చూస్తుంది, కానీ ఇరుకులో పెట్టి పరీక్షించకు. చెయ్యనంటే 4 జీబీ చాలు.

అసలు స్వాప్ ఎందుకని అడిగావుగా. ప్రోగ్రామ్ తనకోసం తీసుకున్న మెమరీకి డిస్కు మీద నకలు ఉండదు. స్వాప్ లేకపోతే, గంటల తరబడి ఎవరూ ముట్టని పేజీలనైనా (మెమరీని పంచుకునే చిన్న ముక్కలు) కెర్నల్ బయట పెట్టలేదు. ఇక అది ఖాళీ చేయగలిగింది ఫైళ్ళ నుంచి వచ్చిన పేజీలనే. అందులో నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ కూడా ఉంటుంది. దాన్ని వదిలేయడం, మళ్ళీ చదవడం, ఇదే పని. అందుకే స్వాప్ తీసేసిన మెషిన్ కూడా డిస్కుని గీకుతూ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత, మెమరీ అయిపోతే కెర్నల్ దింపే ఓఓఎం కిల్లర్ వచ్చి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది.

ఇక స్వాప్‌కి డిస్కులో విడి ముక్క, అంటే పార్టిషనా, మామూలు ఫైలా? నా ఓటు ఫైలుకే. ఫైలైతే నెమ్మది అనే భయం 2.6 కెర్నల్‌తోనే పోయింది. స్వాప్ ఆన్ చేసేటప్పుడే ఫైలు డిస్కు మీద ఎక్కడెక్కడుందో కెర్నల్ గుర్తుపెట్టుకుని, తర్వాత ఫైల్‌సిస్టమ్ జోలికి పోకుండా నేరుగా రాస్తుంది.

పార్టిషన్‌తో నేను పడ్డది చెబుతా. ఒకే స్వాప్ పార్టిషన్‌ని ఒకే మెషిన్‌లోని రెండు డిస్ట్రోలకు (లినక్స్ రకాలకు) పంచాను. రెండోదాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే, దాని ఇన్‌స్టాలర్ స్వాప్‌ని కొత్తగా ఫార్మాట్ చేసింది, దాని గుర్తింపు నంబరు, యూయూఐడీ, మారిపోయింది. బూట్‌లో ఏ డిస్కు భాగాలు వాడాలో రాసి ఉండే ఫైలు ఎఫ్‌స్టాబ్; మొదటిదాని ఎఫ్‌స్టాబ్‌లో పాత నంబరే ఉంది. బూట్ చేసిన ప్రతిసారీ తెరమీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ, పక్కన సెకన్లు 90 దాకా లెక్కపెడుతూ ఉండేవి. డిస్కే పోతోందనుకుని రెండు రోజులు దాన్నే పరీక్షించాను.

ఫైలు చేసేటప్పుడు డీడీ కమాండ్‌తో సున్నాలు నింపు, ఖాళీలున్న ఫైలుని స్వాప్‌ని మొదలెట్టే స్వాప్‌ఆన్ కమాండ్ ఒప్పుకోదు. తర్వాత ఫైలుని యజమాని తప్ప ఎవరూ చదవకుండా చేసే సీహెచ్‌మాడ్ 600, దాన్ని మాత్రం మరిచిపోకు తల్లీ. మెమరీలో తిరిగిన పాస్‌వర్డులు ఆ ఫైల్లోకి చేరతాయి, ఇంకొక యూజర్ చదవగలిగితే అంతే. ఆపైన ఫైలుని స్వాప్‌గా సిద్ధం చేసే ఎమ్‌కేస్వాప్, స్వాప్‌ఆన్, ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైను. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వాడితే ఫైలు ఖాళీగా ఉన్నప్పుడే కాపీ-ఆన్-రైట్ (మార్పుని పాతదాని మీద కాక కొత్త చోట రాయడం) ఆపాలి, ఫైలుని విడి సబ్‌వాల్యూమ్‌లో (ఫైల్‌సిస్టమ్‌లోని విడి అరలో) ఉంచాలి. స్వాప్ నడుస్తున్న సబ్‌వాల్యూమ్‌కి స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయనివ్వదు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ మీదైతే ఫైలు వద్దు, పార్టిషనే పెట్టుకో.

ఒక్క చోట పార్టిషన్‌కే మొగ్గుతాను: హైబర్నేషన్. ఫైలుతోనూ అవుతుంది గానీ, ఫైలు డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో ఆ ఆఫ్‌సెట్‌ని బూట్ పారామీటర్‌గా ఇవ్వాలి. ఫైలు మళ్ళీ చేసినప్పుడల్లా ఆ అంకె మారవచ్చు. ఇంకోటి, ప్రతి బూట్‌కీ కొత్త తాళంతో స్వాప్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తే హైబర్నేషన్ ఆశ వదులుకోవాల్సిందే, పాత తాళం ఉండదు కదా.

జెడ్‌ర్యామ్ గురించీ అడిగావు. పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది. ఫెడోరా అనే డిస్ట్రో 2020లో, 33వ వెర్షన్ నుంచి, దాన్నే డిఫాల్ట్ చేసింది. ర్యామ్ తక్కువున్న మెషిన్‌కి చక్కటి దారి, హైబర్నేషన్‌కి మాత్రం పనికిరాదు.

కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపీనెస్ మామూలుగా 60 ఉంటుంది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకు. రేపు మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొడితే స్వాప్‌లో ఒక జీబీ వాడినట్టు కనిపించినా కంగారు పడకు. పనిలేని పేజీలు అక్కడ పడుకుని ఉండటం మంచిదే. వీఎమ్‌స్టాట్ 1 అని కొట్టి ఎస్‌ఐ, ఎస్‌ఓ అనే రెండు నిలువు వరసలు చూడు; స్వాప్ నుంచి ఎంత వస్తోందో, స్వాప్‌లోకి ఎంత పోతోందో అవి చెబుతాయి. సున్నాల దగ్గరే ఉంటే నిశ్చింత. రెండూ వేలల్లో పరిగెడుతూ ఆగకపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం, అప్పుడు స్వాప్ పెంచి లాభం లేదు.

ఎఫ్‌స్టాబ్ మార్చాక వెంటనే రీబూట్ కొట్టకు. ముందు స్వాప్‌ఆఫ్, తర్వాత స్వాప్‌ఆన్ మైనస్ ఏ. ఏం చూపించిందో నాకు రాయి.

బాబాయి