సిరిమానుకి ఆరుగురం అవుతాం, కటాన్ నలుగురికే!

ప్రశ్న: మాది విజయనగరం. రెండేళ్ల క్రితం కటాన్ బోర్డ్ గేమ్ (సరుకులు సంపాదించి, బేరాలాడి, ఇళ్లూ రోడ్లూ కట్టుకునే ఆట) కొన్నాను. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (14, 11 ఏళ్లు) నెలకి రెండు మూడు సార్లయినా ఆడతాం. సిరిమాను పండక్కి, సంక్రాంతికి పలాస నుంచి మా అప్ప, బావగారు వస్తారు. ఆరుగురం అవుతాం, ఆట చూస్తే నలుగురికే. ఐదారుగురు ఆడుకునే ఎక్స్‌పాన్షన్ (అసలు ఆటకి కలుపుకునే అదనపు పెట్టె) ఉందని, ఓడలది ఒకటి, నగరాలూ యోధులదీ ఇంకొకటి ఉన్నాయని మా అబ్బాయి వీడియోలు చూసి ఒకటే పోరు. ఒక్కోటీ రెండు మూడు వేలు చెప్తున్నారు. అసలు కొనాలా? కొంటే ఏది?

జవాబు: ముందు ఒక లెక్క వేద్దామండీ. ఏడాదిలో మీ ఇంట్లో ఆరుగురూ ఆటకి కూర్చునే రోజులు ఎన్ని? సిరిమానుకి రెండు రోజులు, సంక్రాంతికి మూడు, వేసవి సెలవుల్లో ఇంకో నాలుగు అనుకుందాం. అందులో పైడితల్లమ్మ దర్శనం, వంటలు, చుట్టాల ఇళ్లు తిరగడం పోతే నికరంగా బోర్డు పరిచేది నాలుగైదు సార్లే. మిగతా ఏడాదంతా మీరు నలుగురే. ఎక్స్‌పాన్షన్ కొనాలని ఎవరు అడిగినా నేను ముందు ఈ లెక్కే అడుగుతాను, ఎందుకంటే సీలు తీసి ఒక్కసారి ఆడి అటకెక్కించిన పెట్టెలు చాలా ఇళ్లలో చూశాను, వాటిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మీ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. నెలకి రెండు సార్లు చొప్పున చూసినా రెండేళ్లలో దగ్గర దగ్గర యాభై ఆటలు ఆడేశారు. అంత ఆడిన ఇంటికి ఎక్స్‌పాన్షన్ వద్దని నేను చెప్పను. నాలుగు సార్లు ఆడి బోరు కొట్టింది, ఎక్స్‌పాన్షన్ కలిపితే బాగుంటుందేమో అని అడిగేవాళ్లకి మాత్రం గట్టిగా వద్దంటాను. అసలు ఆటే పట్టనివాళ్లకి దానికి ఇంకో వంద ముక్కలు కలిపినా పట్టదు, పైగా నేర్చుకోవాల్సిన రూల్స్ పెరుగుతాయి.

చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్లో అరుగు మీద అష్టా చెమ్మా ఆడేవాళ్లం. ఐదు గళ్ల పటం, నాలుగు గవ్వలు. ఏడు గళ్ల పటం కూడా ఉంటుందని మాకు తెలుసు, ముగ్గుపిండితో అది గీసిపెట్టమని రోజూ అడిగేవాళ్లం. "ఏటర్రా, ఐదు గళ్ల ఆట అప్పుడే అయిపోనాదా?" అనేది అమ్మమ్మ. కాయని ఎక్కడ ఆపితే ఎదుటివాడు చంపలేడో, చివరి గడిలోకి వెళ్లడానికి ఎంత పందెం పడాలో మాకు బాగా ఒంటబట్టాక, ఒక వేసవిలో తనే ఏడు గళ్లు గీసింది. ఆ రోజు మాకు నేర్పాల్సింది ఏమీ లేకపోయింది, కూర్చుని ఆడేశాం. ఎక్స్‌పాన్షన్ ఎప్పుడు కొనాలని ఎవరైనా అడిగితే నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. పాత పటంలో ఏం చాలట్లేదో మనకి స్పష్టంగా తెలిసినప్పుడు కొనాలి.

మీకు చాలనివి రెండు రకాలు కావచ్చు, వాటిని కలిపేయకండి. ఒకటి కుర్చీలు చాలకపోవడం, రెండోది ఆటలో కొత్తదనం చాలకపోవడం. మీరు అడిగింది మొదటిది, మీ అబ్బాయి అడుగుతున్నది రెండోది అని నాకు అనిపిస్తోంది.

కుర్చీల సంగతి చూద్దాం. క్లాస్ ట్యూబర్ అనే జర్మన్ డిజైనర్ తయారుచేసిన కటాన్ 1995లో వచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఐదారుగురి పెట్టె వచ్చింది. మీ దగ్గరున్న 19 నేల పలకలకి ఇంకో 11 కలుస్తాయి, మొత్తం 30. ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఇద్దరికి సరిపడా ఇళ్లూ రోడ్లూ వస్తాయి, కార్డులూ పెరుగుతాయి. అంతే, ఆట అదే ఆట. దాని బలం ఏంటంటే బేరాలు. ఆరుగురిలో గొర్రె కార్డు ఎవరో ఒకరి చేతిలో ఉండి తీరుతుంది కాబట్టి పండగ ఇంట్లో ఆ గోల చాలా బాగుంటుంది. దాని బాధ ఏంటంటే వంతు రావడానికి పట్టే టైమ్. మేం నలుగురం ఆడితే గంటన్నరలో తేలిపోయే ఆట ఆరుగురం ఆడితే రెండున్నర గంటలు పట్టింది. నేను ఆడిన పెట్టెలో దీనికి ఒక ఉపాయం పెట్టారు, ఒకరి వంతు అవగానే మిగతావాళ్లంతా తమ దగ్గరున్న సరుకుతో కట్టుకోవచ్చు, బేరాలు మాత్రం కుదరవు. దానివల్ల కొంత నయమే కానీ 11 ఏళ్ల గుంట రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంటుందా అన్నది మీరే చెప్పాలి.

అందుకే కొనేముందు ఈ సిరిమానుకి ఒక పని చేయండి, పైసా ఖర్చు లేదు. మూడు జోడీలుగా ఆడండి, ఒక్కో రంగుకి ఇద్దరు. మీ అప్పకి మీ చిన్నదాన్ని, బావగారికి మీ అబ్బాయిని జోడీ చేయండి, మీ ఆవిడా మీరూ ఒకటి. అష్టా చెమ్మాలో మనవాళ్లు జోడీలు కట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే, జోడీ కాయలు పండితే తనవి పండినట్టే. కటాన్‌లో ఇది ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే రోడ్డు ఎటు వేయాలి, ఇటుక ఇచ్చి గొర్రె తీసుకోవాలా అని ఇద్దరూ చెవులు కొరుక్కుంటారు, ఆట రాని పెద్దవాళ్లకి పిల్లలే నేర్పేస్తారు. ఇలా రెండు ఆటలు అయ్యాక మీ అప్ప గానీ బావగారు గానీ "నా రంగు నాకు కావాలి" అని అడిగితే, సంక్రాంతికి ఐదారుగురి పెట్టె నిశ్చింతగా కొనండి. అడగకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

ఇక మీ అబ్బాయి కోరిక. ఓడల పెట్టెలో సముద్రం, ద్వీపాలు, ఒక్కోసారి ఒక్కో రకంగా పటం పేర్చుకునే కథలు ఉంటాయి, రూల్స్ కొద్దిగానే పెరుగుతాయి. నగరాలూ యోధుల పెట్టె అలా కాదు. అందులో గెలవాలంటే 10 బదులు 13 పాయింట్లు తెచ్చుకోవాలి, నగరం కట్టాక కాగితం, బట్ట, నాణేలు అనే మూడు కొత్త సరుకులు వస్తాయి, దండెత్తి వచ్చే ఓడని అందరూ కలిసి యోధులతో ఎదుర్కోవాలి, పాత డెవలప్‌మెంట్ కార్డులు పక్కన పెట్టేయాలి. "ఎప్పుడూ డైస్ మీదే ఆధారం, మన తెలివి ఏముంది" అని మీ ఇంట్లో ఎవరైనా విసుక్కుంటున్నారా? అయితే ఇదే సరైన మందు, నాకు చాలా ఇష్టమైన పెట్టె కూడా ఇదే. అలాంటి మాట ఎప్పుడూ రాకపోతే, పటం ఎప్పుడూ ఒకేలా ఉందని మాత్రమే అంటుంటే, ఓడలది చాలు. రెండూ ఒకేసారి వద్దు.

మీ అబ్బాయికి ఇంకొకటి చెప్పండి. ఆరుగురూ ఓడల ఆట ఆడాలంటే అసలు పెట్టె, దాని ఐదారుగురి పెట్టె, ఓడల పెట్టె, ఆ ఓడలకి మళ్లీ వేరే ఐదారుగురి పెట్టె, మొత్తం నాలుగు కావాలి. ఇది తెలియక మూడు కొని ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

కొనేముందు ముద్రణ తప్పకుండా చూసుకోండి. ఒకసారి నేను నా పాత ఆటకి కొత్త ముద్రణ ఎక్స్‌పాన్షన్ తెచ్చుకున్నాను, దుకాణం అతను రెండూ ఒకటేనండీ అన్నాడు. ఇంటికొచ్చి విప్పితే కార్డుల వెనక రంగులో తేడా. కట్టలో కలిపితే ఏది కొత్తదో దూరం నుంచే తెలిసిపోతుంది, అలాంటప్పుడు కార్డు తీయడంలో ఇంకేం ఉంటుంది? విప్పేశారు కదా అని వాపసు తీసుకోలేదు. చివరికి పాతవీ కొత్తవీ అన్నిటికీ నల్లటి కవర్లు తొడగాల్సి వచ్చింది, దానికి మళ్లీ ఖర్చు. మీ పెట్టెని ఫోటో తీసి, కార్డుల వెనక భాగం కూడా తీసి, అమ్మేవాళ్లకి పంపి, రాతలో జవాబు తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. రూల్స్ పుస్తకం కటాన్ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొనకముందే మీ అబ్బాయిని చదివి ఇంట్లో అందరికీ వివరించమనండి. అతను ఓపిగ్గా చెప్పగలిగి, మీరు ముగ్గురూ ఓపిగ్గా వినగలిగితే ఆ పెట్టె మీ ఇంట్లో ఆడతారు.

ప్రశ్న: శ్రీకాకుళంలో టీచర్‌ని. మా ఇంట్లో ఐదుగురం కార్కసోన్ (పలకలు పేర్చి ఊళ్లూ రోడ్లూ కట్టే ఆట) ఆడతాం. ఈ మధ్య మా మావయ్య గారి అబ్బాయి కూడా వచ్చి చేరాడు, ప్రతి ఆదివారం ఒకరు ఊరికే కూర్చోవాల్సి వస్తోంది. సత్రాలూ చర్చిల ఎక్స్‌పాన్షన్ కొనమంటారా?

జవాబు: కొనండమ్మా. ప్రతి ఆదివారం అంటున్నారు కాబట్టి పైన చెప్పిన లెక్కలేవీ మీకు అక్కర్లేదు. అందులో ఆరో మనిషికి పావులు ఉంటాయి, పైగా 18 పలకలు వస్తాయి. మీ 72కి అవి కలిస్తే 90. ఇప్పుడు ఐదుగురికి మనిషికి పద్నాలుగు పలకలు చొప్పున వస్తున్నాయి, ఆరుగురికి కూడా దాదాపు అంతే వస్తాయి, అంటే మనిషి చేరినా ఎవరి ఆటా తగ్గదు. రూల్స్ పావుగంటలో వచ్చేస్తాయి. సత్రం ఉన్న రోడ్డు పూర్తయితే పలకకి రెండు పాయింట్లు, పూర్తి కాకపోతే సున్నా. ఇద్దరి లెక్కలోకి వచ్చే పెద్ద పావు ఒకటి అందరికీ ఇస్తారు, మీ ఇంట్లో పిల్లలు దానికోసం కొట్టుకుంటారు, చూడండి. మిగతా ఎక్స్‌పాన్షన్ల జోలికి మాత్రం ఒక ఏడాది వెళ్లకండి.

ప్రశ్న: ఆమదాలవలస మాది, నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇంట్లో ఉన్న టికెట్ టు రైడ్ (మ్యాప్ మీద ఊళ్ల మధ్య రైలు దారులు వేసే ఆట) ఆయనకి చాలా నచ్చింది. మన దేశం మ్యాప్ ఉన్న ఎక్స్‌పాన్షన్ ఉందట, అది ఒక్కటి కొంటే సరిపోతుందా?

జవాబు: ఒక్కటే కొంటే సరిపోదు, అందులో రైలు పెట్టెలు ఉండవు, కానీ అసలు ఆట మీ దగ్గర ఎలాగూ ఉందంటున్నారు కదా. 2011లో వచ్చిన ఆ ఎక్స్‌పాన్షన్‌లో ఒకవైపు బ్రిటిష్ కాలం నాటి భారతదేశం, రెండోవైపు స్విట్జర్లాండ్. మనవైపు మ్యాప్ ఇద్దరి నుంచి నలుగురికి, అటువైపుది ముగ్గురి వరకే. మీ అసలు ఆట ఐదుగురు ఆడేది, అందుకని ఇంట్లో ఎంతమంది కూర్చుంటారో చూసుకోండి. మీ టికెట్ మీదున్న ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వేరువేరు దారుల్లో రెండు లైన్లు కలిపితే బోనస్ వస్తుంది, ఈ మ్యాప్‌లో ఉన్న అందమంతా అదే. ఒక లైన్ మూసేస్తే బండిని ఏ దారిన తిప్పాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ చూసిన మీ నాన్నగారికి అది భలే నచ్చుతుంది. మీరు నలుగురికి మించకపోతే ఆలోచించకుండా తెప్పించండి, మొదటి టికెట్లు ఆయన చేతే తీయించండి.