పోర్ట్ 9 కాస్తా పోర్ట్ 10 అయ్యేలోపు జరిగింది

మీరు అడిగింది ఇది: కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టేటప్పుడు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆర్గ్యుమెంట్ స్ట్రింగ్స్ (ప్రోగ్రామ్‌కి ఇచ్చే పేర్లు, నంబర్ల లాంటి మాటలు) అన్నిటినీ ఎందుకు కాపీ చేసుకుంటుంది, పాయింటర్ (అవి మెమరీలో ఉన్న చోటి అడ్రస్) ఇచ్చేస్తే సరిపోదా, ఆ కాపీ కోడ్ ఎక్కడ చూసినా ఎందుకంత గజిబిజిగా ఉంటుంది, దాన్ని సులువు చేస్తే ఎవరికైనా లాభమా అని. మొదటిదానికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. చివరి ప్రశ్న మీద మాత్రం నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే సరిగ్గా ఆ పని మీదే 2019లో బెంగళూరులో మూడు వారాలు కూర్చున్నాను, ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిట్లో అదే మంచి పని అని ఇప్పటికీ నమ్ముతాను.

పాయింటర్ ఎందుకు చాలదంటే, ఎగ్జెక్ (నడుస్తున్న ప్రోగ్రామ్ స్థానంలో కొత్తదాన్ని ఎక్కించే కాల్) అయ్యాక పాత ప్రోగ్రామ్ మెమరీ మొత్తం పోతుంది, మీ స్ట్రింగ్స్ ఉన్నది ఆ మెమరీలోనే. మారతహళ్లిలో ఏడాదికో ఇల్లు మారేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఓనర్‌కి తాళాలు ఇచ్చేశాక, సర్టిఫికెట్ల ఫైలు అటక మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి ఏం లాభం? ఇల్లు మన చేతిలో ఉండగానే తీసి సంచిలో పెట్టుకోవాలి. కెర్నెల్ చేసేదీ అంతే.

ఇక గజిబిజి. కెర్నెల్‌కి ముందుగా ఏమీ తెలీదు: ఎన్ని స్ట్రింగ్స్ ఉన్నాయో, ఒక్కోటి ఎంత పొడవో (స్ట్రింగ్ చివర ఒక సున్నా బైట్ ఉంటుంది, అది దొరికేదాకా వెతకాల్సిందే), ఇచ్చిన పాయింటర్ అసలు నిజమైనదో కాదో. అందుకని చాలామంది ఏం రాస్తారంటే, ఒకసారి మొత్తం తిరిగి లెక్కపెడతారు, రెండోసారి తిరిగి పొడవులు కొలుస్తారు, అంత మెమరీ తీసుకుంటారు, మూడోసారి తిరిగి కాపీ చేస్తారు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. మా కొంప ముంచింది ఈ పద్ధతే.

నేను అప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో ఉన్నాను. స్విచ్ పెట్టెలో నడిచేది లినక్స్ కాదు, వాళ్లు సొంతంగా రాసుకున్న చిన్న కెర్నెల్. అందులో ఫోర్క్ (ప్రాసెస్‌కి నకలు తీసే కాల్) లేదు, స్పాన్ అని ఒకటే కాల్: ప్రోగ్రామ్ పేరు, ఆర్గ్యుమెంట్ల పాయింటర్లు ఇస్తే కొత్త ప్రాసెస్, అంటే నడిచే ప్రోగ్రామ్, పుడుతుంది. పిలిచిన ప్రాసెస్‌లోని మిగతా థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో ఒకేసారి సాగే పనులు) ఈలోపు ఆగవు, వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కస్టమర్ దగ్గరికి పంపే ముందు లోడ్ టెస్టులో పెట్టె రెండు మూడు గంటలకోసారి పడిపోయేది. పడిపోయేది ప్రతిసారీ టైమర్ కోడ్‌లో. రెండు వారాలపాటు పాపం టైమర్ కోడ్ చూసే అబ్బాయిని అందరూ వాయించారు, ఆ అబ్బాయి కోడ్‌లో ఒక్క తప్పు లేదు. క్రాష్ ఎక్కడైతే తప్పూ అక్కడే అనుకునే మేనేజర్లున్న చోట కెర్నెల్ పని చేయడం నరకం. ఆ అబ్బాయి ముఖం చూడలేకే నేను డంప్‌లు (క్రాష్ అయిన క్షణంలో మెమరీ నకళ్లు) అడిగి తీసుకున్నాను, అది నా మాడ్యూల్ కాకపోయినా.

నాలుగు డంప్‌లు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే మూడింట్లో ఒకటే గుర్తు. 64 బైట్ల బ్లాకుల ఖాళీ లిస్టులో ఒక పాయింటర్ తప్పు. అడ్రస్ చివరి బైట్, హెక్స్ లెక్కలో, సీ0 ఉండాల్సిన చోట 00 ఉంది. ఖాళీ బ్లాకు మొదటి బైట్లలోనే తర్వాతి ఖాళీ బ్లాకు అడ్రస్ ఉంటుంది, ఆ ప్రాసెసర్ చిన్న బైట్‌ను ముందు రాస్తుంది, అంటే ఎవరో ఆ బ్లాకు మొట్టమొదటి బైట్ మీద సున్నా రాశారు. ఒక్క బైట్. 00తో ముగిసే అడ్రస్ కూడా సరైన బ్లాకు అడ్రస్‌లాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కాకపోతే ఆ బ్లాకు అప్పటికే ఒక టైమర్ వాడుకుంటోంది. అదే బ్లాకును కెర్నెల్ ఇంకొకరికి ఇచ్చేస్తే, వాళ్లు దాని మీద రాసేసుకుంటే, రెండు గంటల తర్వాత టైమర్ పేలుతుంది.

మరి ఆ సున్నా ఎవరు రాశారు? దానికి ముందు బ్లాకు చూశాను. డంప్‌లో కుడివైపు అక్షరాల వరుస ఉంటుంది కదా, సున్నా బైట్ ఉన్నచోట చుక్క పడుతుంది. ఆ బ్లాకు వదిలేసిన బ్లాకే, మొదటి 8 బైట్లు చెరిగిపోయాయి, మిగతా 56 బైట్లలో మాత్రం ఆర్గ్యుమెంట్లు చక్కగా చదవగలిగేలా ఉన్నాయి: ఇంటర్‌ఫేస్ పేరు, చుక్క, పోర్ట్ (స్విచ్‌లో కేబుల్ పెట్టే సాకెట్) నంబరు, చుక్క, ఒక ఫైలు దారి. ఆ ఫైలు దారి చివరి అక్షరం 64వ బైట్‌లో ఉంది. దాని తర్వాత రావాల్సిన చుక్క లేదు. అది పక్క బ్లాకులోకి వెళ్లిపోయింది! రాత్రి పదకొండున్నరకి ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను, ఏసీ చలికి చేతులు వణుకుతున్నాయో ఈ ఆనందానికి వణుకుతున్నాయో తెలీలేదు.

పోర్ట్ నంబరు దగ్గర 10 అని ఉంది. పోర్టుల ఆరోగ్యం చూసే ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ పోర్ట్ నంబర్‌ను అన్ని థ్రెడ్లూ వాడే ఒక గ్లోబల్ బఫర్ (మెమరీ ముక్క)లో రాస్తూ పోతుంది, ఇంకో థ్రెడ్ అదే బఫర్ పాయింటర్ ఇచ్చి స్పాన్ చేస్తుంది. కెర్నెల్ కొలిచినప్పుడు అక్కడ 9 ఉంది, మొత్తం సరిగ్గా 64 బైట్లు. మెమరీ అడిగింది. లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ అడగడంలోనే కాసేపు ఆగాల్సి వస్తుంది. ఆ కాసేపట్లో 9 కాస్తా 10 అయింది, ఒక అంకె పెరిగింది. తర్వాత కాపీ చేసే దశ, ముందు కొలిచిన సంగతే పట్టించుకోకుండా సున్నా బైట్ దొరికేదాకా కాపీ చేసుకుంటూ పోయింది. 65 బైట్లు. అంతకుముందే 10 అయి ఉంటే 65 అని కొలిచి పెద్ద బ్లాకు తీసుకునేది, ఏ గొడవా లేదు. అందుకే అది రెండు మూడు గంటలకోసారి తప్ప పడేది కాదు.

మర్నాడు మీటింగ్. ఆ ప్రోగ్రామ్‌ని సరిచేసి వదిలేద్దాం అన్నారొకరు. ప్రోగ్రామ్‌లో తప్పుంది, ఒప్పుకుంటాను, కానీ ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఆ ప్రోగ్రామ్ పోవాలి, పెట్టె మొత్తం పోతే ఇంక కెర్నెల్ ఉండి ఎందుకు? మా లీడ్‌ది నెల్లూరు, పెద్దాయన, నిదానస్తుడు. “పోనీ ఓ 16 బైట్లు ఎక్కువ అడుగుదామమ్మా, రిలీజ్ వెళ్లిపోతుంది, తర్వాత తీరిగ్గా చూద్దాం” అన్నారు. “తర్వాత ఎవరూ చూడరు సార్, 17 బైట్లు పెరిగిన రోజు మళ్లీ ఇదే మీటింగ్ పెట్టుకుంటాం” అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన కాసేపు డంప్ కాగితం వంక చూసి “ఎన్నాళ్లు కావాలి?” అని అడిగారు. మూడు వారాలన్నాను.

చేసిన పని చెప్తే ఇంతేనా అంటారు. కొలవడం తీసేశాను. లెక్కపెట్టడం తీసేశాను. మొదట్లోనే 16 కేబీ బఫర్ ఒకటి తీసుకోవడం, ఒక పాయింటర్ చదవడం, అది శూన్యమైతే ఆపేయడం, లేకపోతే ఆ స్ట్రింగ్‌ను బఫర్‌లో మిగిలిన జాగాకు మించకుండా కాపీ చేయడం. జాగా అయిపోయేలోపు సున్నా బైట్ రాకపోతే ‘ఆర్గ్యుమెంట్లు మరీ ఎక్కువ’ అని ఎర్రర్ ఇచ్చి వెనక్కి వచ్చేయడం. ఎన్ని స్ట్రింగ్స్, ఎంత పొడవు అన్నది కాపీ అయ్యేసరికి దానంతటదే తెలుస్తుంది, కొత్త ప్రాసెస్ స్టాక్ (దాని పని మెమరీ) మీద పెట్టాల్సిన పాయింటర్లు మన బఫర్‌లో నడుచుకుంటూ వెళ్లి తయారుచేసుకోవచ్చు. కాపీ మధ్యలో ఎవరైనా స్ట్రింగ్ మార్చితే ఆ ప్రోగ్రామ్‌కి కలగాపులగం స్ట్రింగ్ వెళ్తుంది, అది దాని ఖర్మ, కెర్నెల్ మాత్రం హద్దు దాటదు. 210 లైన్లు 70 అయ్యాయి. 16 కేబీ వృథా కదా అని ఒకాయన రివ్యూలో వారం రోజులు పట్టుకున్నాడు. స్పాన్ అయ్యేది క్షణకాలం, వెంటనే వెనక్కి ఇచ్చేస్తాం, దానికి వారం రోజుల ఈమెయిళ్లా?

మిగతా సమయమంతా టెస్టులకే పోయింది. ఒక థ్రెడ్ 9, 10 మార్చుకుంటూ ఉండే, ఇంకో థ్రెడ్ ఆపకుండా స్పాన్ చేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. పాత కోడ్ మీద నాలుగు నిమిషాలు గడవకముందే పెట్టె పడిపోయింది. కొత్త కోడ్ మీద శుక్రవారం సాయంత్రం పెట్టి వెళ్లి, సోమవారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు మీద బెల్లందూరు దగ్గర గంటంపావు ఇరుక్కుని, అంతసేపూ టెన్షన్ పడుతూ వచ్చి చూస్తే ఇంకా నడుస్తోంది. టైమర్ అబ్బాయి ఆ రోజు అందర్నీ ఆంధ్రా మెస్‌కి తీసుకెళ్లి భోజనం పెట్టించాడు.

ఆ తర్వాత వేరే కెర్నెళ్లు చదివాను. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో ఆర్గ్యుమెంట్లకి ఒక్క డిస్క్ బఫర్, 512 బైట్లు, అంతే. ఒక్కో అక్షరం తెచ్చుకుంటూ 510 దాటగానే ఎర్రర్. మాకంటే 44 ఏళ్ల ముందు రాసిన కోడ్‌లో మా తప్పు లేదు! లినక్స్ ఇప్పటికీ ముందు లెక్కపెడుతుంది, ఒక్కో స్ట్రింగ్‌ను కొలిచి కాపీ చేస్తుంది, నాకది నచ్చదు, కానీ వాళ్లు కొలిచినన్ని బైట్లే కాపీ చేస్తారు, అదీ నేరుగా కొత్త స్టాక్ పేజీల్లోకి, కాబట్టి మా లాంటి ప్రమాదం లేదు. నేర్చుకునేవాళ్లకి ఎంఐటీ వాళ్ల ఎక్స్‌వీ6 అనే చిన్న బోధన కెర్నెల్ బాగుంటుంది. దాని రిస్క్-ఫైవ్ (ఒక రకం ప్రాసెసర్) వెర్షన్‌లో ఒక్కో ఆర్గ్యుమెంట్‌కి ఒక్కో పేజీ, 4096 బైట్లు, మొత్తం ఆర్గ్యుమెంట్లు 32 దాటకూడదు. మెమరీ దుబారా, కానీ చదివితే అర్థమవుతుంది.

సర్వర్‌లో లాగ్ ఫోల్డర్‌కి వెళ్లి ఆర్ఎం (ఫైళ్లు చెరిపే కమాండ్) పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కొడితే ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అని వస్తుంది చూశారా, అది కూడా ఈ కోడ్ నుంచే. ఎక్స్‌ఆర్గ్స్ (పేర్లను విడతలుగా పంపే కమాండ్) వాడమని అందరూ చెప్తారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ నక్షత్రాన్ని ఫైళ్ల పేర్లుగా మార్చేది షెల్ (మనం కొట్టే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్), ఆ పేర్లన్నీ ఎగ్జెక్‌కి ఆర్గ్యుమెంట్లుగా వెళ్తాయి. లినక్స్‌లో 2007లో వచ్చిన 2.6.23 వెర్షన్‌కి ముందు మొత్తం హద్దు 128 కేబీ. ఆ తర్వాత స్టాక్ హద్దులో నాలుగో వంతు, మామూలుగా స్టాక్ 8 ఎంబీ కాబట్టి 2 ఎంబీ. ఒక్క స్ట్రింగ్ మాత్రం ఇప్పటికీ 128 కేబీ దాటకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ఆర్గ్యుమెంట్లతో పాటు ప్రోగ్రామ్‌కి అందే సెట్టింగులు) కూడా ఆ 2 ఎంబీలోకే వస్తాయి.

అసలు ఆర్గ్యుమెంట్లే లేకపోతే? నా కోడ్‌లో అలా వస్తే ఎర్రర్ ఇచ్చాను, రివ్యూలో దీన్నీ ‘అనవసరం’ అన్నారు. 2022 జనవరిలో పీకే-ఎగ్జెక్ (వేరే యూజర్ అధికారంతో ప్రోగ్రామ్ నడిపే లినక్స్ టూల్) లోపం బయటపడింది, ప్వన్‌కిట్ అన్నారు దాన్ని. ఆర్గ్యుమెంట్లు సున్నా ఉంటే ఆ ప్రోగ్రామ్ లిస్టు దాటి పక్కనే ఉన్న ఎన్విరాన్‌మెంట్ స్ట్రింగ్‌ను మొదటి ఆర్గ్యుమెంట్ అనుకుని చదివేది, దాంతో మామూలు యూజర్ రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) అయిపోగలిగేవాడు. ఓపెన్‌బీఎస్‌డీ (ఇంకో యూనిక్స్ రకం) కెర్నెల్ అలాంటి ఎగ్జెక్‌ను అప్పటికే ఒప్పుకునేది కాదు. లినక్స్ 5.18 నుంచి ఒక ఖాళీ స్ట్రింగ్ తానే పెడుతోంది. ఆ వార్త చదివిన రోజు ఆ రివ్యూ గుర్తొచ్చి చాలాసేపు కోపం తగ్గలేదు.

కాబట్టి లాభమా అంటే, ఆ పెట్టె వాడినవాళ్లందరికీ లాభమే. చేసినవాళ్లకి మాత్రం కంపెనీ ఏమీ ఇవ్వదు. ఆ ఏడాది అప్రైజల్ ఫారంలో ‘ఏ కొత్త ఫీచర్ ఇచ్చారు’ అని గడి ఉంది, 140 లైన్లు తీసేశానని రాయడానికి గడి లేదు. మా లీడ్ గారు ఎంత పోరాడినా నాకు వచ్చింది మామూలు రేటింగే. కొత్త ఫీచర్ పేరుతో 3,000 లైన్లు పోసినవాళ్లకి ప్రమోషన్లు వచ్చాయి, వాటిల్లో బగ్గులు వెతికింది మేము. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో వీధికో శిక్షణ సంస్థ ఉంది, వేలకు వేలు ఫీజు తీసుకుని ‘సిస్టమ్ కాల్ అనగా నేమి’ అని నిర్వచనాలు బట్టీ పట్టిస్తారు. ఆ పిల్లలు నా దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తే, యూజర్ ఇచ్చిన స్ట్రింగ్‌ను కెర్నెల్లోకి తెచ్చుకునే ఫంక్షన్ రాయమంటాను. దాదాపు అందరూ మొదటి లైన్‌లోనే పొడవు కొలుస్తారు. తప్పు వాళ్లది కాదు, ఎవరూ వాళ్లకి డంప్ చూపించలేదు.

మీరు నిజంగా నేర్చుకోవాలనుకుంటే ఎక్స్‌వీ6 దించుకోండి, ఒక్కో ఆర్గ్యుమెంట్‌కి ఒక్కో పేజీ తీసుకునే చోట అన్నిటికీ కలిపి ఒకే పేజీ వాడేలా మార్చి చూడండి, పేజీ సరిగ్గా నిండి చివరి సున్నా బైట్‌కి చోటు లేని ఆర్గ్యుమెంట్లతో టెస్ట్ చేయండి. రెండు సాయంత్రాల పని. ఎక్కడైనా ఆగిపోతే మీ కోడ్ ఈ జవాబు కింద పెట్టండి, చదివి చెప్తాను.