నాన్నగారి స్టెంట్ క్లెయిమ్ తిరస్కరించారు.. కోర్టుకు వెళ్లకుండా డబ్బు వస్తుందా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నకు 61 ఏళ్లు. 2019 ఏప్రిల్‌లో ఆయన పేరు మీదే రూ.3 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాం. 2022 ఏప్రిల్‌లో దాన్ని రూ.5 లక్షలకు పెంచాం. ఒక్క ఏడాది కూడా ప్రీమియం ఆపలేదు. 2025 నవంబరులో గుండెకు స్టెంట్ వేశారు. బిల్లు రూ.4.12 లక్షలు. డిశ్చార్జి సమ్మరీలో ‘8 ఏళ్లుగా బీపీ’ అని ఉందని, పాలసీ తీసుకున్నప్పుడు ఆ సంగతి దాచారని 2026 జనవరి 12న క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. నిజానికి నాన్నకు బీపీ ఉందని తెలిసింది 2021 జులైలో. నూటికి 2 రూపాయల వడ్డీకి రూ.4 లక్షలు తెచ్చి బిల్లు కట్టాం. లాయరు ఫీజు రూ.40 వేలు అవుతుందంటున్నారు. కోర్టు దాకా వెళ్లకుండా దారి ఉందా? ఈ పాలసీ మానేసి వేరే కంపెనీకి మారిపోదామా?

జవాబు: పాలసీ మాత్రం మానేయకండి. కోపంతో ప్రీమియం ఆపేస్తే ఎక్కువ నష్టపోయేది మీరే. స్టెంట్ పడిన 61 ఏళ్ల మనిషికి కొత్తగా పాలసీ దొరకడం కష్టం. ఇది ఆపేశాక కొత్తది దొరికినా, కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలాలన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు. క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. ఏప్రిల్‌లో గడువు తేదీలోపే కట్టేయండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. రెన్యువల్ నోటీసులో ఆ పన్ను పడలేదని కూడా చూసుకోండి.

ఇక అప్పు. నూటికి 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రూ.4 లక్షల మీద నెలకు రూ.8,000 వడ్డీకే పోతోంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి. బంగారు రుణం 9-10 శాతానికి వస్తే నెల వడ్డీ రూ.3,000 నుంచి రూ.3,300 దాకా ఉంటుంది. క్లెయిమ్ తేలడానికి అయిదారు నెలలు పట్టవచ్చు. ఈ ఒక్క మార్పుతో ఆలోపు దాదాపు పాతిక వేలు మిగులుతాయి. క్లెయిమ్ డబ్బు వచ్చాక అప్పు సంగతి చూద్దామని ఆగొద్దు.

ఇప్పుడు క్లెయిమ్ దగ్గరకు వద్దాం. మీ కేసు మీరు అనుకుంటున్నదానికన్నా బలమైనదే. కాకపోతే రూ.4.12 లక్షలకూ ఒకే బలం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆరోగ్య బీమా 60 నెలలు తెగకుండా కొనసాగితే, ఆ తర్వాత ‘వ్యాధి దాచారు’, ‘తప్పు చెప్పారు’ అన్న కారణాలతో క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి లేదు. మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప. దీన్నే మారటోరియం అంటారు. అంతకుముందు ఇది 96 నెలలు ఉండేది. 2019 ఏప్రిల్ నుంచి 2025 నవంబరుకు మీకు 79 నెలలు నిండాయి. అయితే బీమా మొత్తాన్ని మధ్యలో పెంచితే, పెంచిన భాగానికి 60 నెలల లెక్క పెంచిన తేదీ నుంచే మొదలవుతుంది. మీరు పెంచిన రూ.2 లక్షలకు అప్పటికి 43 నెలలే అయ్యాయి. అంటే పాత రూ.3 లక్షల వరకు కంపెనీ వాదన నిలవదు. మిగిలిన రూ.1.12 లక్షల మీదే అసలు వాదులాట.

ఆ రూ.1.12 లక్షలు 2022లో మీరు నింపిన కాగితం మీద ఆధారపడి ఉంటాయి. బీమా మొత్తం పెంచమని అడిగినప్పుడు కంపెనీ ఆరోగ్య ప్రశ్నలు వేసిందా? వేస్తే బీపీ దగ్గర ‘ఉంది’ అని రాశారా? అసలు అడగకపోతే దాచారనే మాటే రాదు. అడిగినప్పుడు ‘లేదు’ అని టిక్ పెట్టి ఉంటే మాత్రం ఆ భాగం బలహీనమే, ఎందుకంటే 2021 జులైకే మీకు బీపీ సంగతి తెలుసు. చాలా ఇళ్లలో ఈ ఫారం ఏజెంటే నింపేస్తాడు, సంతకం మాత్రం మనది. అందుకే 2019 ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం నింపిన దరఖాస్తు), 2022లో పెంపు కోసం ఇచ్చిన దరఖాస్తు, రెండింటి నకళ్లూ ఇవ్వమని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. వ్యాధి దాచారని రుజువు చేసే భారం కంపెనీదేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా కేసులో స్పష్టంగా చెప్పింది.

‘8 ఏళ్లు’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తేల్చాలి. ఆసుపత్రిలో చేర్చే హడావుడిలో డ్యూటీ డాక్టరు అడిగితే పక్కనున్నవాళ్లు నోటికొచ్చిన సంఖ్య చెబుతారు. అదే కేస్ షీట్‌లోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి పూర్తి కేస్ షీట్ నకలు తీసుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్నది వైద్యులు పాటించాల్సిన నియమం. తర్వాత స్టెంట్ వేసిన డాక్టరు దగ్గర లెటర్‌హెడ్ మీద, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీతో ఒక ధ్రువపత్రం తీసుకోండి. ‘8 ఏళ్లు అన్నది బంధువులు నోటిమాటగా చెప్పింది, పాత చీటీల ప్రకారం బీపీ గుర్తించింది 2021 జులైలో’ అన్న సంగతి అందులో ఉండాలి. 2021 నాటి మొదటి చీటీ, మందుల బిల్లులు, అంతకుముందు బీపీ మామూలుగా ఉన్నట్టు చూపే ఏ రిపోర్టయినా జతచేయండి. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు కూడా చూడండి. ఏళ్ల తరబడి బీపీ ఉంటే గుండె ఎడమ గది గోడ మందమవుతుంది, కంపెనీ డాక్టర్లు సాధారణంగా దాన్నే పట్టుకుంటారు. మందం లేదని ఎకోలో ఉంటే అది మీకు పనికొచ్చే సాక్ష్యం.

ఒక్క జాగ్రత్త. పాత డిశ్చార్జి సమ్మరీలో అంకె కొట్టేయించి కొత్తది రాయించుకోవద్దు. మారటోరియానికి ఉన్న ఒకే ఒక్క మినహాయింపు మోసం. దిద్దిన కాగితం పెడితే ఆ అవకాశం కంపెనీ చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.

కాగితాలు సిద్ధమయ్యాక కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి నాన్నగారి సంతకంతో ఫిర్యాదు పంపండి. ఆయన ఈమెయిల్ పాలసీ పత్రంలోనే ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టులో కూడా ఒక ప్రతి పంపి రసీదు దాచుకోండి. ఆసుపత్రిలో పడిన కష్టాన్ని పేజీలకొద్దీ రాయక్కర్లేదు. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, 79 నెలల లెక్క, బీపీ బయటపడిన తేదీ, మీరు అడుగుతున్న మొత్తం, ఇవి ఒకే పేజీలో ఉంటే చాలు. 2019 నుంచి 2025 వరకు ఏడు పాలసీ షెడ్యూళ్లూ వరుసగా జతచేయండి. ఏ నిబంధన కింద తిరస్కరించారో, దాన్ని కంపెనీ క్లెయిమ్‌ల సమీక్ష కమిటీ ఎప్పుడు ఆమోదించిందో చెప్పమని అడగండి. ఆ కమిటీ ఆమోదం లేకుండా ఆరోగ్య క్లెయిమ్ తిరస్కరించకూడదు. తిరస్కరణ లేఖ టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌ల పని చూసే సంస్థ) పేరుతో వచ్చి ఉంటే అదీ రాయండి, ఎందుకంటే తిరస్కరించే అధికారం కంపెనీదే, టీపీఏది కాదు.

ఇదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ నమోదు చేయొచ్చు. కంపెనీ మీద ఒత్తిడి పెరుగుతుంది. కానీ ఐఆర్‌డీఏఐ మీ తగవు తీర్చదు, దాన్ని కంపెనీకి పంపి జవాబు ఇప్పిస్తుంది. హైదరాబాద్ గచ్చిబౌలి వైపున్న దాని ప్రధాన కార్యాలయం దాకా వెళ్లి నిరాశతో తిరిగొచ్చేవాళ్లున్నారు. ఆ ప్రయాణం మీకు వద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు చేసేది కూడా మధ్యలో ఉండి మాట్లాడటమే, తీర్పు చెప్పరు.

తీర్పు ఇవ్వగలిగింది బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, విచారణ వీడియోలోనూ జరుగుతుంది. పైసా ఫీజు లేదు. లాయర్లను, ఏజెంట్లను అనుమతించరు. అందుకే క్లెయిమ్ ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి అనేవాళ్లను దూరం పెట్టండి. మీ ఫిర్యాదు చేరాక నెల రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. అందుకు ఏడాది గడువు ఉంది. రూ.50 లక్షల వరకు పరిహారం ఆయన పరిధిలోకి వస్తుంది. కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో తీర్పు రావాలి. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడక్కర్లేదు. 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు రూ.5,000 చొప్పున కంపెనీ మీకు ఇచ్చుకోవాలి. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ కూడా అడగండి. మనోవేదనకు పరిహారం మాత్రం ఇక్కడ ఆశించకండి.

ఫిర్యాదు మీ పేరుతో పెట్టకండి. పాలసీదారు నాన్నగారు. ఆయన బతికుండగా కొడుకు సంతకంతో వెళ్తే వెనక్కి వస్తుంది. విచారణలో ఆయన తరఫున మీరు మాట్లాడాలంటే అధికార పత్రం జతచేసి ముందే అనుమతి అడగండి. అవతల కంపెనీ ప్రతినిధితో పాటు వాళ్ల డాక్టరు కూడా ఉంటారు. మీకు దొరికే సమయం తక్కువ కాబట్టి మొదట 79 నెలల మాట, తర్వాత 2021 చీటీ.

ఏ తలుపు ముందు తట్టాలన్న వరుస తప్పితే ఇబ్బంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాక అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ముందు అంబుడ్స్‌మన్ దగ్గర ఓడిపోయినా కమిషన్ దారి తెరిచే ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా శాశ్వత లోక్ అదాలత్‌కు కూడా వెళ్లొచ్చు. బీమా తగవులు రూ.కోటి వరకు అక్కడ తీసుకుంటారు, ఫీజు లేదు. కానీ రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు చెబుతారు. దానిపై అప్పీలు లేదు. మీ రూ.1.12 లక్షల భాగం సందేహంలో ఉంది కాబట్టి, తిరిగి రాలేని తలుపు ముందుగా తట్టమని నేను చెప్పను.

కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు తిరస్కరించిన రోజు నుంచి రెండేళ్లు, అంటే 2028 జనవరి 11. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. అవసరమైతే లాయరు లేకుండానే ఈ-జాగృతి పోర్టల్‌లో వేసుకోవచ్చు. కట్టిన ప్రీమియం రూ.5 లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. అక్కడ కూడా ఇరువైపులా ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపుతారు.

మీ మొదటి ఫిర్యాదుకే కంపెనీ దిగొచ్చి రూ.3 లక్షలు ఇస్తామనే అవకాశం బాగా ఉంది. తీసుకోండి, దాంతో ముందు అప్పు తగ్గించండి. ‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఉన్న వోచరు మీద మాత్రం సంతకం చేయొద్దు. ‘ఈ మొత్తాన్ని అభ్యంతరంతో తీసుకుంటున్నాం, మిగిలిన రూ.1.12 లక్షలపై హక్కు వదులుకోలేదు’ అని అదే రోజు ఈమెయిల్ పంపండి. ఆ మిగతాలో గ్లవ్స్, రిజిస్ట్రేషన్ ఛార్జీల వంటివి ఎలాగూ పోతాయి. గది అద్దె పాలసీ పరిమితి దాటిందని బిల్లు మొత్తంలో అదే నిష్పత్తిలో కోత వేస్తే, స్టెంట్, మందులు, పరీక్షల మీద ఆ నిష్పత్తి కోత వేయకూడదని గుర్తుచేయండి.