చికెన్ నమలలేని పెద్దవాళ్లకి చేపలు, రొయ్యల ప్రోటీన్ చాలుతుందా?

అమ్మగారికి డాక్టరు ప్రోటీన్ పెంచమన్నారని, ఆవిడ చికెన్ నమలలేకపోతున్నారని, బదులుగా చేపలు, రొయ్యలు పెడితే సరిపోతుందా అని అడిగారు. నిశ్చింతగా పెట్టండి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక మా నాన్నగారిదీ ఇదే అవస్థ. కట్టుడు పళ్లలో చికెన్ పీచు ఇరుక్కుని, రెండు ముక్కలకే కంచం పక్కకి జరిపేసేవారు.

మాది కాకినాడ. చందువా పులుసు మొదలుపెట్టాం. ముల్లు తీసి ముక్కని వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయేది, అన్నంలో కలిపేస్తే నమిలే పనే లేదు. కోడి, మేక మాంసంలో కండని పట్టి ఉంచే గట్టి పొరలు చేపలో చాలా తక్కువ, ఉన్నవీ కొద్ది వేడికే కరిగిపోతాయి. ప్రోటీన్‌లో మాత్రం లోటు లేదు. పచ్చి చేప ముక్క 100 గ్రాములకి 17 నుంచి 20 గ్రాములు, ఒలిచిన రొయ్యల్లో ఇంచుమించు 20.

ఆ "ఒలిచిన" అన్న మాట దగ్గరే నేను పొరబడ్డాను. కిలో రొయ్యలు తెస్తే 200 గ్రాముల ప్రోటీన్ వచ్చినట్టే అనుకున్నాను. ఓ రోజు తల, డొల్ల, వీపు మీది నల్ల నరం తీసేసి తూస్తే 540 గ్రాములే తేలాయి! మూకుట్లో వేశాక నీళ్లు వదిలి ఇంకా చిక్కిపోయాయి. ఆ చిక్కినదానికి బెంగ వద్దు, పోయింది చాలావరకు నీరే.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నాన్నగారు 60 కిలోలు, అంటే 50 గ్రాములు. ఆపరేషన్ అయింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పెట్టమన్నారు. మధ్యాహ్నం ముళ్లు తీసిన చేప 150 గ్రాములు పెడితే సగం అక్కడే వచ్చేసేది. మిగతాది గుడ్డు, పప్పు, పెరుగు.

ఎండు నెత్తళ్లలో నీరు చాలా తక్కువ కాబట్టి ప్రోటీన్ ఇంకా చిక్కగా ఉంటుంది. కానీ ఉప్పు వేసి ఎండబెట్టినవైతే బీపీ ఉన్నవాళ్లకి వద్దు, మేమూ పెట్టలేదు. అమ్మగారికి కిడ్నీ సమస్య ఉంటే ఎంత పెట్టాలో డాక్టరునే అడగండి. రొయ్యలు తిన్నాక దద్దుర్లు వస్తే వెంటనే మానేయండి, ఎంత ఉడికించినా ఆ ఎలర్జీ గుణం పోదు.

ఇంకొకటి, రొయ్యలు ఎర్రబడి ముడుచుకోగానే దించేయండి. కూర దగ్గరపడేదాకా పొయ్యి మీదే ఉంచితే రబ్బరులా సాగుతాయి, అమ్మగారు మళ్లీ నమలలేరు.